గురప్ప ప్రోగ్రాములో అత్తగారు

మదనపల్లె టమోటా మండీల్లో లాట్లను కంప్యూటరుకెక్కించిన మొదటివాడు తానేనని మా గురప్ప చెప్పుకునేవాడు. కాదని చెప్పడానికి ఆ రోజుల్లో కంప్యూటరు తెలిసినవాళ్ళు తక్కువ. సొంతవూరు పుంగనూరు. రెండేళ్ళు కూర్చుని ఫాక్స్‌ప్రోలో ఒక ప్రోగ్రాము రాశాడు. ఏ రైతువి ఎన్ని క్రేట్లు, వేలంలో ఏ లాటు ఎవరు పాడారు, మచ్చకాయలు ఎన్ని తీసేశారు, అన్నీ చీటీ మీద అచ్చయ్యేవి. మదనపల్లెలో మూడు మండీలు, పుంగనూరులో ఒకటి, కుప్పంలో ఒకటి దాన్ని వాడేవి. ఆ ఐదూ పోతే గురప్పకు వేరే బతుకు లేదు.

రెండువేల ఒకటిలో బెంగళూరు నుంచి ఒక వార్త మోసుకొచ్చాడు. కస్టమరుకిచ్చిన ప్రోగ్రామును విప్పి, మనం రాసింది రాసినట్టు బయటపెట్టే ఫ్లాపీ దొరుకుతోందట.

"పచ్చడి రుబ్బినాక మిరక్కాయ మిరక్కాయగా బయటికొస్తాదంటప్పా! ఎవుడైనా పేరు మార్సి అమ్ముకోవచ్చు" అని నా జిరాక్సు అంగట్లో తల పట్టుకుని కూర్చున్నాడు.

వారం తర్వాత నవ్వుతూ వచ్చాడు. విప్పినా ఏది ఏమిటో తెలియకుండా ప్రోగ్రాములోని పేర్లన్నీ మార్చేశాడట. ఒట్టి అంకెలు పెడితే తనకే గుర్తుండవని, భార్య కుసుమ తరపు చుట్టాల పేర్లు పెట్టుకున్నాడు. క్రేట్లకు చిన్నమామ అంకయ్య, లారీకి వదిన పాపక్క, మచ్చకాయలకు అత్తగారు విజయమ్మ. ఎవరిని దేనికి ఎందుకు పెట్టావని నేనడగలేదు. నాకెందుకు?

"దొంగ విప్పినా మా అత్తోళ్ళ వంశం తప్ప ఏమీ దొరకదు" అన్నాడు గర్వంగా.

దొంగ అత్తోళ్ళింట్లోనే ఉన్నాడు. బావమరిది సురేంద్ర కుప్పంలో కంప్యూటరు కోర్సు చేసి ఖాళీగా ఉన్నాడు. అక్కడి మండీలోంచి ప్రోగ్రామును ఎత్తుకొచ్చి విప్పాడు. అచ్చు తీస్తే అరవై పేజీలు వచ్చింది. చుట్టాల పేర్లయితే తెలిశాయి గానీ ఏ పేరు దేనికో అంతుబట్టలేదు. ఒకచోట మాత్రం, విజయమ్మ పదికి మించితే బయటికి తోసెయ్యమని ఉంది. వాడు దాన్ని తీసుకెళ్ళి తల్లికి చదివి వినిపించాడు.

ఇంకేముంది, కుప్పంలో పంచాయితీ పెట్టారు. గురప్ప తన తరపు పెద్దమనిషిగా నన్ను వెంటబెట్టుకెళ్ళాడు. విజయమ్మ ఇంట్లో చుట్టాలంతా తలా నాలుగు పేజీలు పట్టుకుని కూర్చున్నారు.

"ఏమప్పా అల్లుడా, నేను పదికి మించితే నన్ను యాడికి తోస్తావు?" అంది విజయమ్మ.

"నిన్ను కాదత్తా, మచ్చకాయల్ని!"

"అంటే నేను మచ్చకాయనా?"

నాకు ఒళ్ళు మండింది. "అమ్మా, ఈ కాగితాలు మీవాడి చేతికి ఎట్ల వచ్చినాయో ముందు అది అడగండి" అన్నాను.

"వాడు సదువుకున్నోడు, యాడో తెచ్చుకున్నాడు. నువ్వు ఊరికే ఉండప్పా" అని నా నోరు మూయించింది. దొంగను అడిగే నాథుడే లేడు.

"నన్నేం చేసినావు?" అన్నాడు అంకయ్య.

"క్రేట్లు మామా. ఏ లోడు సూసినా నువ్వే."

అంకయ్య మీసం దువ్వుకున్నాడు. తాను లారీ అని తెలిసి పాపక్క ఏడ్చింది. ఆపైన ఒక్కొక్కరూ తమ పేరు చూపించి అడగడం, గురప్ప చెమటలు కక్కుతూ అది ఏమిటో విప్పి చెప్పడం. మూలన సురేంద్ర కాగితాల అంచుల్లో అన్నీ రాసుకుంటున్నాడు. నేను గురప్ప కాలు తొక్కాను. వాడు కాలు వెనక్కి లాక్కున్నాడే గానీ నోరు మూయలేదు. ఎదురుగా ముడుచుకున్న కుసుమ ముఖం తప్ప వాడికి లోకం కనిపించడం లేదు.

చివరికి విజయమ్మ కళ్ళొత్తుకుంది. "ఇంటిల్లిపాదీ ఉండారు. నా కొడుకు ఒక్కడు యాల లేడు? వాడు నీకు పరాయోడా?"

కుసుమ కూడా మొగుణ్ణి గుర్రుగా చూసింది.

"అయ్యో, లేకేమత్తా!" అని గురప్ప లేచి నిలబడ్డాడు. "పేజీ పేజీకీ ముద్దపప్పు అని ఉండాదే, అదెవురనుకున్నావు? మన సురేంద్రే! లాటు నంబరు! వాడు లేకుంటే ప్రోగ్రామే నడవదు!"

అందరూ సురేంద్ర వైపు తిరిగారు. వాడేమీ నొచ్చుకోలేదు. ఆ ఒక్కటీ రాసుకుని, పెన్నుకు మూత పెట్టి, "ఇంక అంతేనా బావా?" అన్నాడు.