కోటు లోపలి ముక్క

సూదక్క అతికితే చిరుగు ఎక్కడుందో బట్ట కట్టుకున్నవాడికే తెలియదని వీధిలో అనుకుంటారు. మేకు చీల్చిందా, కుక్క పీకిందా, కత్తి దిగిందా అన్నది ఆవిడ వేలితో తడిమి చెప్పేస్తుంది. ఆ వీధిలో కత్తి చిరుగులకేం కరువు లేదు. పెద్దన్న ముఠావాళ్ల చొక్కాలన్నీ ఆవిడ బల్ల మీదికే రావాలి. ఎవరి చొక్కా ఎలా చిరిగిందో ఆవిడ అడగదు. వీధిలో ఎవరూ ఏదీ అడగరు. కేకలు వినపడితే తలుపులు వేసుకుని టీవీ గొంతు పెంచుతారు.

ఆరేళ్ల కిందట ఆవిడ తమ్ముణ్ణి పట్టపగలు మెట్ల సందులో పొడిచేసినప్పుడూ టీవీలు అలాగే మోగాయి. తన తర్వాత ముఠాకి వాడే పెద్దదిక్కని పెద్దన్న నలుగురిలో అన్న వారానికే అది జరిగింది. బిగుసుకున్న వాడి పిడికిలి విప్పింది పెద్దన్నే. అందులో ఆకుపచ్చ మీద తెల్లచుక్కల గుడ్డముక్క ఉంది, సగం రక్తం.

"ఎవరికీ చెప్పకక్కా," అన్నాడు చెవిలో, ముక్కని ఆవిడ చేతిలో పెట్టి. "మిగతాది దొరికినరోజు నాకు చూపించు. చాలు."

ముక్కని బొత్తాల డబ్బా అడుగున దాచింది. అప్పట్నుంచీ వచ్చిన ప్రతి బట్టనీ తిరగేసి చూసింది. తమ్ముడి కోసం ఏడవనైనా లేదు. ఏడిస్తే పగ చల్లారిపోతుందని భయం.

ఒకరోజు నవ్వులోడి భార్య నల్లకోటు పట్టుకొచ్చింది. నవ్వులోడు పెద్దన్నకి కుడిభుజం. ఆనాడు శవం మీదపడి అందరికంటే ఎక్కువ ఏడ్చింది వాడే.

"బీరువా సర్దుతుంటే దొరికిందక్కా. లోపలి గుడ్డ మేకుకి పట్టుకుని చిరిగిందట, మూలన పడేశారు. ఏదో ఒక ముక్క వేసెయ్యి. ఎల్లుండి పెద్దన్న విందుకి ఆయన చేత ఇదే తొడిగిస్తా."

సూదక్క కోటు తిరగేసింది. ఆకుపచ్చ మీద తెల్లచుక్కలు. అంచు మీద వేలు పెట్టింది. మేకు కాదు, చేత్తో లాగిన చిరుగు. సూది కోసం సోదికెళ్తే పాత రంకులన్నీ బయటపడ్డాయట, అచ్చం అలాగే అయింది.

ఈ పిల్ల ఏ పాపం ఎరగదే అని ఒక్క క్షణం అనిపించింది. "అక్కా" అని తమ్ముడూ ఇలాగే నోరారా పిలిచేవాడు. మరి వాడు మాత్రం ఏ పాపం చేశాడు?

డబ్బా అడుగున ఉన్న ముక్కే వేసింది. చుక్కకి చుక్క కలిపింది. మరక మాత్రం ఉతకలేదు.

"ఈ మరకేంటక్కా?" అంది ఆ పిల్ల, కోటు తీసుకుంటూ.

"పాతగుడ్డ కదమ్మా, పోదు. లోపలే కదా, ఎవరు చూస్తారు?"

చూస్తారని ఆవిడకి తెలుసు. నవ్వులోడు ఎక్కడ కూర్చోబోయినా ముందు కోటు విప్పి, దుమ్ము పడకుండా లోపలివైపు పైకి తిప్పి కుర్చీకి వేస్తాడు. వీధంతా ఎరిగిన అలవాటది.

విందు సూదక్క ఇంటికి ఎదురుగా ఉన్న హోటల్లో, మధ్యాహ్నం. ఆవిడ తన కిటికీ దగ్గర పీట వేసుకుంది. నవ్వులోడు వచ్చాడు, కోటు విప్పాడు, తిప్పాడు, కుర్చీకి వేశాడు. ముద్ద నోటిదాకా తీసుకెళ్లిన పెద్దన్న చెయ్యి ఆగింది. ముక్కని చూశాడు. తర్వాత కిటికీకేసి చూశాడు.

సూదక్క తలూపింది.

పెద్దన్న చెయ్యి కడుక్కుని నవ్వులోడి భుజం మీద చెయ్యేశాడు. "పదరా, మెట్ల సందు దాకా నడిచొద్దాం." వాడు నవ్వుతూనే లేచి కోటు తొడుక్కున్నాడు.

పక్క మేడ మీంచి వాడి భార్య కేకేసింది: "కోటు భలే కుదిరిందక్కా!"

ఆరేళ్ల కడుపుమంట ఆ పూట చల్లారింది. సూదక్కకి సిగ్గు కూడా వెయ్యలేదు. సందులోంచి మొదటి కేక వినపడగానే లేచి, అందరిలాగే తలుపు వేసుకుని టీవీ గొంతు పెంచింది.