అద్దం మేస్త్రి గీసిన గోడ

మా ఆయన్ని అందరూ అద్దం మేస్త్రి అంటారు. ఆయన పూసిన గోడ మీద ఈగ వాలితే జారిపోవాల్సిందే. ఆ పేరంటే ఆయనకు ప్రాణం. నా పేరైనా ఒక్కోసారి తడుముకుంటాడు గానీ, ఆ పేరుతో పిలిస్తే నిద్రలోనైనా పలుకుతాడు.

సంగీతం బడి కడుతున్నప్పుడు ఇంజనీరమ్మ పెద్ద హాల్లో గోడ చూపించింది. "మేస్త్రీ, ఇక్కడ నున్నగా వద్దు. సున్నంలో ఊక కలిపి మందంగా పూసి, తడి మీదే వేళ్ళతో లోతుగా గీతలు లాగండి. ఇక్కడి పాత ఇళ్ళకు ఉంటాయే, అలాగ" అంది. నున్నటి గోడకు తగిలిన పాట తిరిగొచ్చి పాడేవాళ్ళ మీదే పడుతుందట.

ఆయన బుద్ధిగా తలూపాడు. ఆవిడ అటు ఊరెళ్ళిందో లేదో, "తాపీ కూడా లేని రోజుల్లో మా నాన్న చేసిన పని అది. అద్దం మేస్త్రి చేత గీతలా? చిన్నపిల్ల, తెలియక చెప్పింది" అన్నాడు. మూడు రోజులు రుద్ది రుద్ది గోడను అద్దం చేసిపెట్టాడు. సున్నం కలిపింది నేనే. పాపంలో నాకూ వాటా ఉంది.

ఇంజనీరమ్మ తిరిగొచ్చి గోడను చూసింది. నా వైపు తిరిగింది.

"అక్కా, మేస్త్రిని ఇంట్లో ఎలా పిలుస్తారో ఒకసారి అలా పిలవండి."

నాకేం మొహమాటం? "ఏమయ్యా, చెవుల్లో సీసం పోసుకున్నావా?" అన్నాను.

"పోసుకున్నావా... సుకున్నావా... న్నావా" అంది గోడ.

"ఒక్కదానితోనే వేగలేకపోతుంటే నలుగురయ్యారు" అన్నాడాయన.

ఇంజనీరమ్మ నవ్వింది, కానీ మాట మార్చలేదు. "ఇరవైమంది పిల్లలు ఒక్కసారి పాడితే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. ఈ పూత చెక్కేయాలి మేస్త్రీ. మీకు చేతులు రాకపోతే వేరే మేస్త్రిని పిలుస్తాను."

మధ్యాహ్నం ఆయన ముద్ద ముట్టలేదు.

"నా గోడ నేనే చెక్కుకుంటే జనం ఏమంటారే?"

"అద్దం పగిలిందంటారు. వేరేవాడు చెక్కితే, అద్దంతో పాటు మేస్త్రి కూడా పగిలాడంటారు. ఏది నయమో చూసుకో."

ఉలి తీసుకుని లేచాడు.

చెక్కడం ఒక్క రోజులో అయింది. ఊక సున్నం మళ్ళీ మందంగా పూశాక, గీయడమే రాలేదు. ఒక గీత లాగడం, అలవాటుకొద్దీ తాపీతో దాన్ని చెరిపేయడం. చూసి చూసి తాపీ లాక్కుని దాని మీద కూర్చున్నాను. కాసేపు నన్ను తిట్టుకుని, కళ్ళు మూసుకుని, నాలుగు వేళ్ళూ తడిలో దించాడు. భుజం మెల్లగా ఊగింది.

"మా నాన్న భుజం ఇలాగే ఊగేది" అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట నేను వినలేదు. సాయంత్రానికి గోడంతా దున్నిన చేనులా ఉంది.

ఆరాక ఇంజనీరమ్మ మళ్ళీ నన్నే నిలబెట్టింది. అదే మాట అన్నాను. ఒక్కసారే వినిపించింది. గోడ నోరెత్తలేదు.

"పోసుకోలేదే, వినపడింది" అన్నాడాయన హాలు ఆ చివర నుంచి, నెమ్మదిగా. నా చెవి దగ్గరే అన్నట్టు ఉంది.

తలుపు వెనక మాత్రం జానెడు మేర అద్దంలా వదిలేశాడు. ఇంజనీరమ్మ చూసింది, చూడనట్టు వెళ్ళిపోయింది. పాటకు ముందు పిల్లలు అక్కడే చూసుకుని జుట్టు సర్దుకుంటున్నారట.