తరుగు తీసిన విమానం

మా అన్నయ్య తన విమానాన్ని మిర్చి కాటా మీద తూచాడు. ఎనభైల నాటి మాట. జగ్గయ్యపేటలో ఆయిల్ ఇంజన్లు బాగుచేసే షెడ్డు తనది. మూడేళ్లు తంటాలు పడి ఆ షెడ్డులోనే అల్యూమినియం గొట్టాలతో, గుడ్డ రెక్కలతో ఒక మనిషి పట్టే విమానం కట్టాడు. నేను నందిగామలో లెక్కల టీచర్ని. ఆదివారం ఆదివారం బస్సెక్కి వెళ్లి తన లెక్కలు సరిచూసేదాన్ని, తన గొప్పలూ భరించేదాన్ని.

ఢిల్లీలోని విమానాల ఆఫీసు నుంచి రూల్స్ కాగితం వచ్చిన రోజు ఇద్దరం షెడ్డులో గంతులేశాం. ఇలాంటి బుల్లి విమానాల్ని రిజిస్టర్ చేసుకోవచ్చట. కాకపోతే, మనిషి కూర్చున్నాక దాని స్టాల్ స్పీడ్ ఇంతకు మించకూడదని ఒక అంకె వేశారు. మరీ నెమ్మదిగా తొక్కితే సైకిల్ పడిపోతుంది కదా, అలాగే ఆ వేగం కన్నా తగ్గితే రెక్క విమానాన్ని మోయలేదు. బరువు పెరిగితే ఆ వేగమూ పెరుగుతుంది. కాబట్టి ముందు తూచాలి.

విమానాన్ని ముక్కలుగా ఊడదీసి ట్రాక్టరు మీద మిర్చి కొట్టుకి తీసుకెళ్లాం. చివర్న అన్నయ్య కూడా కాటా ఎక్కి కూర్చున్నాడు. గుమాస్తా ఒక్కోదానికీ చీటీ రాసిచ్చాడు. అక్కడే ఒక బస్తా మీద కూర్చుని లెక్క కట్టాను. వర్గమూలం రెండుసార్లు తీసి చూశాను. ఒక్క కేజీ తేడాతో గట్టెక్కాం! మిర్చి ఘాటుకి తుమ్ముతూనే నవ్వాం. ఆ సాయంత్రం అన్నయ్య పన్నెండు మిరపకాయ బజ్జీలు తిన్నాడు.

తర్వాతి ఆదివారం దరఖాస్తు నింపుతుంటే గుమాస్తా విమానం చూడ్డానికి వచ్చాడు. చీటీలు చూసి మురిసిపోయాడు.

"మీదని ఎక్కువేం తియ్యలేదు టీచరమ్మగారూ. క్వింటాకి రెండు కేజీలే తరుగు తీసా."

తరుగంటే తేమకనీ గోనెసంచికనీ బస్తా బరువులో కోసేది. ముప్ఫై ఏళ్ల అలవాటు ఆయనది. విమానానికీ తీశాడు, మా అన్నయ్యకీ తీశాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మళ్లీ లెక్క కడితే ఉండాల్సినదానికన్నా ఐదు కేజీలు ఎక్కువ తేలింది.

గొట్టాలు తగ్గిస్తే బలం పోతుంది. అన్నయ్య రెక్క నిమిరాడు.

"చీటీలో ఉన్నదే రాసేద్దాం. ఐదు కేజీలు ఎవరికి తెలుస్తాయే?"

"రెక్కకి తెలుస్తాయి."

అంతటితో ఆగానా, నింపిన దరఖాస్తు పరపరా చింపేశాను. నా కోపం అలాంటిది. బస్సులో ఇంటిదాకా ఏడ్చాను.

మళ్లీ వెళ్లేసరికి వదిన గుమ్మంలోనే అందుకుంది. ఆయన అన్నం మానేశారట, మజ్జిగ తాగి బతుకుతున్నారట, తెల్లారకుండానే లేచి వేదాద్రి రోడ్డున పడి నడుస్తున్నారట. నాకు ఒళ్లు పులకరించింది. విమానంలో తగ్గించలేని బరువు తనలో తగ్గిస్తున్నాడు!

మూడు నెలలకి, జారిపోయే ప్యాంటుకి తాడు కట్టుకుని అన్నయ్య మళ్లీ కాటా ఎక్కాడు.

"బాబాయ్, ఈసారి తరుగు తియ్యమాక," అన్నాడు గుమాస్తాతో.

ఆయన రాళ్లు మార్చి మార్చి చూశాడు. అంకె రెండుసార్లు పైకి చదివాడు. ఆరు కేజీలు తగ్గాడు మా అన్నయ్య. నేను అదే బస్తా మీద కూర్చుని అందరి ముందూ బావురుమన్నాను.

కాటా దిగకుండానే బజ్జీలు తెప్పించమన్నాడు. తెప్పించాను. పన్నెండూ తన ఎదురుగా కూర్చుని నేనే తిన్నాను.