విడుపు లేని గ్రహణం

ఆ వార్త మా గుమ్మంలోకి మొదట మోసుకొచ్చింది పాలామె. ఆదివారం పొద్దున, చెంబులో పాలు పోస్తూ చెప్పింది.

"అమ్మా, ఇన్నరా? చందమామ మీద మనుషులు దిగుతరంట! పత్తర్‌గట్టి హోటల్ల రేడియో చెప్పింది. రేపు పొద్దుగాల్ల నడుస్తరంట!"

మా ఆయన పత్రిక దించారు. "పెద్ద బ్యాంకులన్నీ సర్కారు తీసుకున్నది. గది ఇనలేదా?"

"నా బ్యాంకు కొట్టంల ఉన్నది బాపూ. గడ్డేస్తెనే ఇస్తది!"

అందరం నవ్వాం. అత్తమ్మ మాత్రం నవ్వలేదు. నాకప్పుడు ఐదో నెల. అంతకుముందొకటి నిలవలేదు.

"రాహువు మింగి ఇడుస్తడు. వీళ్లు కాళ్లతోని తొక్కుతరట. గ్రహణం కన్న ఎక్కువే," అన్నది అత్తమ్మ. పాలామె కూడా భయంగా తలూపింది.

సోమవారం తెల్లారకముందే నీళ్ల బిందెల మీద గరిక పడింది. నన్ను గదిలో వెల్లకిలా పడుకోబెట్టి, కిటికీకి గోనెసంచి కట్టారు. తిండి లేదు, నీళ్లు లేవు. గోడ అవతల పొరుగువాళ్ల రేడియో ఉర్దూలో ఏదో గొణుగుతోంది. గోనె చిల్లులోంచి జారిన వెలుగుచుక్క గోడ మీద మెల్లగా పాకుతోంది. దాన్నే చూస్తూ రామనామం అనుకుంటున్నాను. నేనున్నది ఇంట్లోనో, ఆ చుక్క మీదనో తెలియలేదు. అప్పుడే కడుపులో చేపపిల్ల మెదిలినట్టయింది. మొదటిసారి. దండం పెడదామంటే చేతులు ముడవకూడదాయె.

మధ్యాహ్నానికి కళ్లు తిరిగాయి. అత్తమ్మ తలుపు సందులోంచి పంచాంగం అందించింది. మా నాన్న ఇంట్లోనే నేర్పిన అక్షరాలు నాకున్నాయి కదా!

"విడుపు ఎప్పుడో సూడు బిడ్డా."

ఎంత వెతికినా పట్టూ లేదు, విడుపూ లేదు.

"అయితే వాళ్లు ఇల్లు చేరేదాక ఉండాలెనేమో," అన్నది అత్తమ్మ.

సాయంత్రం పాలకు వచ్చిన పాలామె ఈ సంగతి విని గుండె బాదుకుంది.

"పొద్దటిసంది పస్తా? ఏందమ్మా గిట్ల! వాళ్ల తల్లులు సద్ది కట్టియ్యకుండనే పంపిన్రా? ఆడ తొక్కెటోళ్లే తింటుంటే, ఈడ పండుకున్న పిల్లకు ఏం దోషం?"

అత్తమ్మ తనే వచ్చి గడియ తీసింది. పాలామె కాచి ఇచ్చిన ఆ గ్లాసెడు పాల రుచి ఏ ప్రసాదానికీ రాలేదు.

వాకిట్లోకి వచ్చాం. మబ్బుల సందున సగం చందమామ. వాళ్లింకా అక్కడే ఉన్నారట. పాలామె తన కొంగులోంచి ఒక పోగు లాగి గాలిలోకి వదిలింది.

"ఇయ్యాల విదియ కాదు గదనే!" అన్నది అత్తమ్మ.

"విదియనాడు నాకు కొత్త చీర అడుగుత. ఇది వాళ్ల కోసం. చందమామా, ఆ పిల్లగాళ్లను సల్లగ ఇంటికి తోలు. తల్లులు ఎదురుసూస్తుంటరు."

కార్తీకంలో నా బిడ్డ చల్లగా పుట్టింది. దేవుడి దయ.

ఏటా ఆ వారం వస్తే బ్యాంకుల గురించి, చంద్రుడి గురించి పత్రికలు రాస్తాయి. అవి చదివేటప్పుడు, మా పాలామెను కూడా ఒక్కసారి తలుచుకోండి.