వరస మామూలే

మొన్న ఢిల్లీ పక్కనున్న ఇందిరాపురం నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. వచ్చే నెల దాని కూతురి పెళ్ళి. "మమ్మీ, నా బిదాయీలో నానమ్మ పాడింది కదా, వో గానా కావాలి. పుస్తకం నీ దగ్గరే ఉంది నా? ట్యూన్ పాడి పంపించెయ్, బస్" అంది. బిదాయీ అంటే మన అప్పగింతలే. పుస్తకం నా దగ్గరే ఉంది. ఎర్రగుడ్డ అట్ట, లోపల మా అత్తగారి గుండ్రటి అక్షరాలు. తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

మా అత్తగారివాళ్ళది గోదావరి జిల్లాలో చిన్న జమీ. దివాణం, పొలాలు, ఏనుగు లేని ఏనుగుశాల, అన్నీ పోయి, పంతొమ్మిదివందల తొంభైల్లో ఆవిడ ఢిల్లీ కంటోన్మెంటులోని మా క్వార్టరుకి వచ్చేనాటికి ఆ పుస్తకమే మిగిలింది. కొత్తకోడలు అత్తగారి పుస్తకం చూసి తన పుస్తకం తన చేత్తో రాసుకోవడం ఆ ఇంటి ఆచారం. నేను మెట్టేనాటికి ఆ ఆచారమూ పోయింది. పద్యాలు, మేలుకొలుపులు, హారతులు, వియ్యపురాళ్ళను ఏడిపించే పాటలు, అన్నీ ఉన్నాయందులో. రాగం రాయవలసినచోట మాత్రం ప్రతి పాటకీ 'వరస మామూలే' అని ఉంటుంది. వినీ వినీ వచ్చినవాళ్ళకి అది చాలు. నాకు చాలదు. అందుకని అప్పట్లో మా అమ్మాయి పెళ్ళి కుదరగానే కరోల్ బాగ్ వెళ్ళి టేప్‌రికార్డరు కొనుక్కొచ్చి, అప్పగింతల పాట పాడమని ఆవిడ ముందు పెట్టాను.

"ఏవిటే అమ్మాయ్! పిల్ల గడప దాటకుండా అప్పగింతలు పాడతారుటే? ఖాళీ ఉయ్యాల ఊపినట్టు! పెళ్ళినాడు పాడతానుగా, అప్పుడు పట్టుకో" అంది. ఆవిడతో అదే తంటా. హారతి పాట వినాలంటే కర్పూరం వెలిగించాలి, జోలపాట వినాలంటే పిల్లని కనాలి! అయితే ఆ నెలంతా గొంతు కాపాడుకోవడానికి మిరియాల పాలు తాగి, పెరుగన్నం మానేసింది. గోదావరి మనిషికి అంతకన్నా తపస్సు లేదు.

పెళ్ళినాడు పిల్ల కారెక్కబోతుంటే ఆవిడ దాని గడ్డం పట్టుకుని పాట ఎత్తుకుంది. సరిగ్గా అప్పుడే బ్యాండువాళ్ళు అందుకున్నారు. "భయ్యా, దో మినిట్ రుకో!" అని నేను అరిచిన అరుపు నాకే వినిపించలేదు. ఆవిడ ఆపలేదు. మెడనరాలు ఉబ్బేలా చివరి చరణం దాకా పాడింది. మర్నాడు టేపు వేసి చూస్తే బాకాలు, డోళ్ళు, మధ్యలో నా కేకలు.

"అత్తయ్యగారూ, ఒక్కసారి పాడండి, మీ కాళ్ళకి దణ్ణం పెడతాను" అని బతిమాలాను.

"వెళ్ళిన పిల్లని మళ్ళీ సాగనంపమంటావుటే? ఒకసారి పంపింది చాలదూ?" అంటూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నాకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. ఇంట్లో మరో ఆడపిల్ల లేదు. మరుసటి చలికాలంలో ఆవిడ పోయింది.

అమ్మాయికి నానమ్మ నోటి లవంగం వాసన గుర్తుందిట, వరస గుర్తులేదు. దానికి తెలుగు చదవడం రాదు కనక పాటంతా హిందీ అక్షరాల్లో రాసి పంపాను. క్షణంలో జవాబొచ్చింది: "మమ్మీ, ట్యూన్?"

అందరికీ తెలిసిందే కదా అని ఎవరూ రాయకుండా వదిలేసినదాన్నే కాలం ముందుగా పట్టుకుపోతుంది.