ఎర్ర కార్డు అప్పలమ్మ

మలేసియాలో ఇపో నుంచి జార్జ్ టౌన్ వెళ్లే బస్సులో నా ఫోను మాటలు విని, పక్క సీటులోని ముసలామె "తెలుగోళ్లా తల్లీ?" అంది. పేరు అప్పలమ్మ. బటాంగ్ బెర్జుంటై దగ్గర రబ్బరు తోటలో పుట్టిందట.

"ఏటి పని మీదొచ్చినావు?"

కమ్యూనిస్టు పాలన పోయిన తూర్పు యూరప్ దేశాల్లో పార్టీల గురించి పరిశోధన చేస్తున్నాననీ, అక్కడి జనం ఓటెయ్యడం ఎందుకు మానేస్తున్నారో ఒక సభలో చెప్పబోతున్నాననీ అన్నాను.

"ఓటుండీ ఎయ్యరా?" నమ్మలేనట్టు చూసింది. సంచిలోంచి ఎర్ర గుర్తింపు కార్డు తీసింది. ఇక్కడ పౌరులకిచ్చేది నీలం కార్డు. ఈమె పుట్టినట్టు కాగితం లేదు గనక పౌరసత్వం ఇవ్వలేదట.

"డెబ్బయ్యేళ్లొచ్చినాయి. ఒక్కపాలి కూడా ఓటెయ్యనేదు. మొన్న మళ్లీ నీలం కార్డడిగితే కాదన్నారు. ఇంక అడగను."

దిగేముందు ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఆళ్లకి సెప్పు తల్లీ, మానొద్దని."

చెబుతానన్నాను. మర్నాడు నా పత్రం వినడానికి ఆరుగురొచ్చారు. అందరూ ప్రొఫెసర్లే. ఆ దేశాలవాళ్లు ఒక్కరూ లేరు. ఆమె మాట నేను ఎవరికీ చెప్పనే లేదు.