టాక్సీ అక్క కారులో ఎర్ర లైటు

మా వీధిలో టాక్సీ నడిపే ఆడమనిషి ఒక్కతే. అందరికీ టాక్సీ అక్క. నా మెకానిక్ షెడ్డుకు ఎదురిల్లే. ఒకరు ఒక మాటంటే పడే మనిషి కాదు. నేనూ కాదు. అందుకేనేమో పదిహేనేళ్లుగా మా ఇద్దరికీ భేషుగ్గా కుదిరింది.

ఏడు నెలల కిందట వాళ్ల నాన్నకు పక్షవాతం వచ్చింది. కాలు కొంత తేరుకుంది గానీ కుడిచెయ్యి మాత్రం ఒళ్లో పడేసిన తువ్వాలులా ఉండిపోయింది. నలభై ఏళ్లు ఆ చేత్తోనే షాపులకు బోర్డులు రాసిన మనిషి ఆయన. రోజూ పొద్దున్నే అక్క ఆయన్ని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, వ్యాయామం చేయించే ఆసుపత్రిలో దింపి, ఆ తర్వాతే కిరాయిలకు పోయేది. "కాలి కోసమైతే రండి, చేతి మీద ఆశ పెట్టుకోకండి" అన్నాడట డాక్టరు. ఆ సంగతి నాకు చెప్పి, కిరాయికి పోయింది.

అంతలో కారుకొచ్చింది రోగం. బ్రేకు ఎర్ర లైటు వెలిగి ఆరనంటోంది. చూస్తే బ్రేకు ఆయిలు గీత దాకా ఉంది. ప్యాడ్లు అరగలేదు. ఇక మిగిలింది హ్యాండ్ బ్రేకు. దాని లివరు పూర్తిగా దిగి, కిందున్న చిన్న స్విచ్చును నొక్కితేనే లైటు ఆరుతుంది. ఈ కారులో లివరు పక్కకు ఒరిగి, స్విచ్చుకు అందడం లేదు. బోల్టు బిగించాను, ఆరింది. మర్నాడు మళ్లీ వెలిగింది. స్విచ్చే మార్చేశాను. మర్నాడు మళ్లీ అదే కథ.

ఐదోసారికి నాకు ఒళ్లు మండింది.

"అక్కా, లివరుతో కుస్తీ పడుతున్నావా ఏంటి?"

"బ్రేకెయ్యడం నువ్వు నేర్పాలా నాకు?"

"పోనీ బల్బు పీకేస్తా. బ్రేకులు బాగానే ఉన్నాయిగా."

"నన్ను నమ్మి ఎక్కుతారు జనం. అది ఆరేదాకా కిరాయికి పోను. నాన్నను మాత్రం మెల్లగా తీసుకెళ్లి తీసుకొస్తా" అంది. అన్నట్టే కిరాయిలు మానేసింది.

నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు పొద్దున స్పానరు జేబులో పెట్టుకుని వెనక సీట్లో ఎక్కాను, ఆవిడ తప్పు పట్టుకుందామనే. దారంతా లివరు మీంచి చూపు తిప్పలేదు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. ఆసుపత్రి ముందు ఆపి, శుభ్రంగా బ్రేకు వేసి, దిగి అటు తిరిగి వెళ్లి తలుపు తీసింది.

పెద్దాయన ఎడమచేత్తో తలుపు పట్టుకుని లేవబోయాడు. అప్పుడు చూశాను. ఆ కుడిచెయ్యి ఒళ్లోంచి జారి, తడుముకుంటూ వచ్చి లివరును అందుకుంది. వేళ్లు మూసుకున్నాయి. ఒంటి బరువంతా దాని మీద మోపి, పక్కకు లాగి లేస్తున్నాడు. బయట నిలబడ్డ అక్కకు ఆయన ఒళ్లే అడ్డం. ఆయనకూ తెలిసి చేస్తున్న పని కాదది.

"బాబాయిగారూ, ఒక్క నిమిషం కూర్చోండి" అన్నాను.

"మళ్లీ ఏమైంది? టైమవుతోంది" అని విసుక్కుంది అక్క.

చూసింది చెప్పాను. నమ్మలేదు. నా మొహం చూశాక ఏమనుకుందో, వచ్చి డ్రైవరు సీట్లో కూర్చుంది. నేను బోల్టు బిగించి లివరు దించాను. లైటు ఆరింది.

"నాన్నా, బ్రేకు వెయ్యి."

ఆయన తన చేతిని పరాయివాళ్ల చేతిలా చూసుకున్నాడు. అది కదల్లేదు.

"రాదమ్మా."

"రోజూ లాగి ఈ తమ్ముడి ప్రాణం తీస్తున్నావట. ఇవాళ నా కోసం లాగు."

రెండోసారి వేళ్లు లివరు దాకా వచ్చి జారిపోయాయి. మూడోసారి పట్టుకున్నాయి. భుజం అదిరింది. టక్కుమని ఒక్క మెట్టు పైకి లేచింది లివరు.

ఎర్ర లైటు వెలిగింది. దాన్నే చూస్తూ అక్క ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, దాచడానికేముంది. పెద్దాయన మాత్రం లివరు వదల్లేదు.

"దీన్ని కిందికెలా దించాలమ్మా?" అని అడిగాడు.